జీవకణాల ఔషధాలు: తాళంచెవి ఎవరి చేతిలో?

2026 ఫిబ్రవరి 1వ తేదీన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ పార్లమెంటుకు సమర్పించిన బడ్జెట్‌లో ‘బయోఫార్మా శక్తి’ అనే పథకం ఒకటి ఉన్నది. అయిదేళ్ల కాలంలో 10,000 కోట్ల రూపాయలు వెచ్చించి, జీవౌషధాల తయారీలో భారతదేశాన్ని ప్రపంచ కేంద్రంగా నిలపాలన్నది దీని లక్ష్యం. కొత్తగా మూడు నైపర్ విద్యాసంస్థలు వస్తాయి. ఉన్న ఏడింటి స్థాయి పెరుగుతుంది. వెయ్యికి పైగా ఔషధ ప్రయోగ కేంద్రాలు ఏర్పడతాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు కొత్త బలం చేకూరుతుంది. బడ్జెట్ రాగానే రాజధానిలో చర్చ అంతా ఆదాయపు పన్ను చుట్టూ, రాష్ట్రాల వాటాల చుట్టూ తిరగడం ఆనవాయితీ. అందువల్ల ఈ పథకం గురించి జరగవలసినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం. పది వేల కోట్లు చిన్న మొత్తం కాదు. అంతకు మించి, ఈ ధనం ఏ తలుపు తెరవడానికి ఖర్చవుతుందన్నది కొందరికి ప్రాణంతో ముడివడిన ప్రశ్న.

ఆ ప్రశ్న స్వభావం తెలియాలంటే ఢిల్లీ హైకోర్టు 2014 ఏప్రిల్‌లో ఇచ్చిన ఒక తీర్పును గుర్తు చేసుకోవాలి. రిక్షా కార్మికుని కుమారుడు, ఏడేళ్ల బాలుడు, ‘గోషే’ అనే అరుదైన వ్యాధితో బాధపడుతూ న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. శరీరంలో ఒకానొక కొవ్వు పదార్థాన్ని విరగగొట్టే ఎంజైము పుట్టుకతోనే లోపించడం ఈ వ్యాధికి మూలం. ఆ కొవ్వు ప్లీహంలోను, కాలేయంలోను, ఎముకల మజ్జలోను పేరుకుపోతుంది. పొట్ట ఉబ్బుతుంది, రక్తం తగ్గుతుంది, ఎముకలు పెళుసెక్కుతాయి. లోపించిన ఎంజైమును రెండు వారాలకు ఒకసారి రక్తనాళంలోకి ఎక్కిస్తే బిడ్డ మామూలుగా ఎదుగుతాడు. మానివేస్తే వ్యాధి తిరగబెడుతుంది. అంటే మందు ఉన్నది. కాని దాని వెల నెలకు లక్షలలో ఉన్నది. జీవించే హక్కులో ఆరోగ్య హక్కు కూడా ఇమిడి ఉన్నదని, ఆ బాలునికి ఉచితంగా చికిత్స జరిపించాలని న్యాయస్థానం ఢిల్లీ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

తీర్పు మానవీయమైనది. అయితే మందు వెల అంత ఎందుకు ఉన్నదన్నది తీర్పులు తేల్చగలిగిన విషయం కాదు. దానికి జవాబు ఆ మందు పుట్టిన చోట వెదకాలి.

1991లో అమెరికాలో ఈ ఎంజైము మొదటిసారి ఔషధంగా ఆమోదం పొందినప్పుడు దానిని ప్రసవానంతరం సేకరించిన మానవ మాయల నుంచి తీసేవారు. ఒక్క రోగికి ఏడాది పొడవునా సరిపడే మందుకు వేలాది మాయలు కావలసి వచ్చేవి. అది ఎంతోకాలం సాగే పని కాదు. 1994 నాటికి మార్గం మారింది. మానవ జన్యువును మరొక జీవి కణంలో ప్రవేశపెట్టి, ఆ కణం చేతనే ఎంజైమును తయారు చేయించడం మొదలైంది. ఆ కణం ఏదో కాదు, చైనా హాంస్టర్ అనే చిన్న ఎలుకజాతి జంతువు అండాశయపు కణం.

పాఠకులకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఇన్సులిన్‌ను 1982 నుంచే మామూలు బాక్టీరియాలో తయారు చేస్తున్నారు కదా, హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను ఈస్టులోనే రూపొందించి ధరను నేలకు దించింది కదా, ఈ ఎలుక కణాల అవసరం ఏమి వచ్చిందని. చిన్నవి, సరళమైనవి అయిన ప్రోటీనులను బాక్టీరియా చేసిపెట్టగలదు. కాని మన శరీరంలోని ప్రోటీనులు చాలావరకు వట్టి దారాలు కావు. వాటిని ఒక నిర్దిష్టమైన తీరున మడవాలి, వాటి ఒంటిపై చక్కెర గొలుసులను పొదగాలి. గోషే వ్యాధికి ఇచ్చే ఎంజైము సంగతే చూడండి. దానిపైనున్న చక్కెర గొలుసు కొసను ఒక పద్ధతిలో కత్తిరించి ఉంచితేనే, కొవ్వు పేరుకున్న కణాలు దానిని గుర్తుపట్టి లోనికి తీసుకుంటాయి. ఆ గుర్తు లేకపోతే మందు చిరునామా లేని ఉత్తరం. బాక్టీరియాకు ఈ విద్య తెలియదు. ఈస్టు చేతికి వచ్చే చక్కెరల తీరు వేరు. క్షీరదాల కణాలకు ఇది సహజంగా అబ్బిన పని. అందువల్లనే 1987లో గుండెపోటు రోగుల రక్తపు గడ్డలను కరిగించే మందుతో మొదలుపెట్టి, నేటి క్యాన్సర్ యాంటీబాడీల దాకా, ఖరీదైన జీవౌషధాలలో అధికభాగం ఈ హాంస్టర్ కణాల సంతతిలోనే తయారవుతున్నవి.

ఈ కణాల చరిత్రలో రాజకీయం మొదటినుంచీ ఉన్నది. 1948 డిసెంబరులో, కమ్యూనిస్టు సైన్యాలు ముందుకు వస్తున్న రోజులలో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు చెందిన రాబర్ట్ వాట్సన్ అనే వైద్యుడు పది మగ, పది ఆడ హాంస్టర్లను పెట్టెలో పెట్టుకొని షాంఘై నుంచి విమానంలో దాటించాడు. తరువాత కొరియా యుద్ధకాలంలో ఆ తరలింపు సూక్ష్మజీవ యుద్ధపు ఆరోపణలలోకి కూడా ఎక్కింది. అమెరికాలో పెరిగిన ఆ సంతతికి చెందిన ఒక ఆడ హాంస్టర్ అండాశయం నుంచి థియోడోర్ పక్ అనే శాస్త్రవేత్త 1957లో కణాలను వేరుచేశాడు. అవి చావకుండా విభజన చెందుతూ పోయాయి. నేడు వేల కోట్ల డాలర్ల వ్యాపారానికి ఆధారమైనవి అవే. సరిహద్దు దాటిన జంతువులకు ఆనాడు ఎవరూ రుసుము చెల్లించలేదు. కాని వాటి కణాలలో జన్యువు చేరిన క్షణం నుంచి, ఒక్కొక్క కణానికీ యజమాని ఏర్పడ్డాడు.

సామాన్యమైన మాత్రకూ ఈ మందుకూ గల భేదం ఇక్కడే ఉన్నది. మాత్రలోనిది రసాయనం; దాని నిర్మాణం కాగితం మీద రాసి చూపవచ్చు. మరొక రసాయనవేత్త అదే నిర్మాణాన్ని మరొక దారిలో చేరుకుంటే, రెండూ ఒకే పదార్థం. మన 1970 పేటెంట్ల చట్టం పదార్థానికి కాక విధానానికే పేటెంటు ఇచ్చి, దేశీయ ఔషధ పరిశ్రమను నిలబెట్టింది ఈ సూత్రం మీదనే. 2005 నుంచి పదార్థ పేటెంట్లు వచ్చిన తరువాత కూడా చట్టంలో ఒక ద్వారం మిగిలింది. 2012 మార్చిలో హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు ఒక క్యాన్సర్ మాత్ర తయారీకి తప్పనిసరి లైసెన్సు ఇవ్వడం ఆ ద్వారం గుండానే జరిగింది. కలం కదిలింది, ధర పడిపోయింది.

జీవకణపు మందు విషయంలో కలం కదిలినా సరిపోదు. వేలాది కణాలను పరీక్షించి, అందులో ఎక్కువగా, నిలకడగా ప్రోటీను ఇచ్చే ఒక్క కణాన్ని ఎన్నుకొని, దాని సంతతిని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచిన కణనిధి ఆ కంపెనీ గోడల లోపల ఉంటుంది. ఏ ఉష్ణోగ్రతలో, ఎంత ప్రాణవాయువుతో, ఏ ఆహారం ఏ రోజున పోసి ఆ కణాలను పెంచారో అది వ్యాపార రహస్యం. పేటెంటు గడువు తీరినా ఈ రెండూ బయటికి రావు. రెండవ తయారీదారు మరొక కణంతో మొదటినుంచి మొదలుపెట్టి, తన ప్రోటీను మూలానికి సరితూగుతుందని ప్రయోగాల ద్వారా నిరూపించుకోవాలి. అందుకే దానిని ‘అదే మందు’ అనక ‘సదృశ జీవౌషధం’ అంటారు.

దీని ఫలితం ధరలలో కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. గోషే వ్యాధికే ఎలిగ్లుస్టాట్ అనే రసాయన గుళిక ఒకటి ఉన్నది. అది ముఖ్యంగా వయోజనులకు పనికివస్తుంది. 2023 నవంబరులో దానిని దేశీయంగా తయారు చేయించినట్లు కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఏడాదికి 1.8 కోట్ల నుంచి 3.6 కోట్ల రూపాయల దాకా ఉన్న వ్యయం 3 లక్షల నుంచి 6 లక్షలకు దిగివచ్చింది, అంటే అరవయ్యవ వంతుకు. దీనితో క్షీరదకణాల ఔషధాలను పోల్చి చూడండి. డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో లింఫోమా క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్‌ను ‘రెడిటక్స్’ పేరిట విడుదల చేసింది. ప్రపంచంలో ఆ మందుకు వచ్చిన మొదటి సదృశ ఔషధం అదే. తెలుగు నేలపై సాధించిన ఆ విజయం చిన్నది కాదు. అయినా ధర తగ్గింది సుమారు సగానికి. బెంగుళూరులోని బయోకాన్ సంస్థ 2014లో రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్‌ను తెచ్చినప్పుడు తగ్గింపు సుమారు 25 శాతం. రసాయనం అరవయ్యవ వంతుకు దిగగా, కణపు మందు సగం దగ్గరో ముప్పాతిక దగ్గరో ఆగిపోయింది. కంపెనీల లాభాపేక్ష ఒక్కటే దీనికి కారణమని తేల్చివేయడం సులువు, కాని పూర్తి సత్యం కాదు.

ట్రాస్టుజుమాబ్ ఉదంతం మరికొంత నేర్పుతుంది. తప్పనిసరి లైసెన్సు ప్రతిపాదన ప్రభుత్వ కార్యాలయాలలో కదలాడుతున్న కాలంలోనే, 2013 ఆగస్టులో, రోష్ కంపెనీ తన భారత పేటెంటును వదులుకున్నది. తలుపు తెరుచుకున్నదని అందరూ అనుకున్నారు. 2014 ఫిబ్రవరిలో అదే కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఈసారి వాదన పేటెంటు గురించి కాదు. దేశీయ ఔషధానికి అనుమతి ఇచ్చిన పద్ధతి గురించి, సీసాపై అంటించిన చీటీలో మూల ఔషధపు వివరాలు వాడుకోవడం గురించి. 2012లో ప్రభుత్వం జారీ చేసిన సదృశ జీవౌషధాల మార్గదర్శకాలే అక్కడ వివాదాంశం అయినవి. వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది. 2017లో కాంపిటిషన్ కమిషన్ రోష్ ప్రవర్తనపై దర్యాప్తుకు ఆదేశించింది. కాపలా ఎత్తివేయలేదు, ఒక వాకిలి నుంచి మరొక వాకిలికి మారింది.

ఇక మూడవ వాకిలి ఒకటి ఉన్నది. దాని గురించి రాజధానిలో మాట్లాడేవారు తక్కువ. కణాలను పెంచే పోషక ద్రవం, ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ సంచులు, వడపోత పరికరాలు, ప్రోటీనును శుద్ధిచేసే రెసిన్లు ప్రధానంగా అమెరికా, ఐరోపా కంపెనీలు అయిదారింటి నుంచి రావలసిందే. ఇది ఎంత ప్రమాదకరమో 2021 ఏప్రిల్‌లో తెలిసివచ్చింది. అమెరికా తన యుద్ధకాలపు ఉత్పత్తి చట్టాన్ని ప్రయోగించి సొంత టీకాలకు ప్రాధాన్యం ఇవ్వగా, ఏప్రిల్ 16న సీరం ఇన్‌స్టిట్యూట్ అధిపతి అదర్ పూనావాలా ముడిసరుకు వదలమని అధ్యక్షుడు బైడెన్‌కు బహిరంగంగా మొరపెట్టుకోవలసి వచ్చింది. కోవిషీల్డ్‌కు కావలసిన సరుకు పంపుతామని వాషింగ్టన్ ఏప్రిల్ 25న ప్రకటించింది. ఆ రోజులలో ఢిల్లీ శ్మశానాల ముందు నిలిచిన వరుసలను చూసినవారు ఆ జాప్యాన్ని మరచిపోలేరు. ప్రపంచంలో అతిపెద్ద టీకా కర్మాగారం సంచుల కోసం, వడపోత గుడ్డల కోసం పరాయి దేశపు అనుగ్రహానికి ఎదురుచూసింది.

సరఫరా అంతా ఒకే చోట ఉంటే సంపన్న దేశాలకు సైతం రక్షణ లేదు. 2009 జూన్‌లో అమెరికాలోని ఆల్‌స్టన్‌లో జెన్‌జైమ్ కర్మాగారపు హాంస్టర్ కణాలకు ఒక వైరస్ సోకింది. మనుషులకు హాని చేసే వైరస్ కాదది. కాని కణాల ఎదుగుదలను కుంటుపరిచింది. కర్మాగారాన్ని మూసి శుభ్రం చేయవలసి వచ్చింది. గోషే వ్యాధికి, ఫాబ్రీ వ్యాధికి అక్కడ తయారయ్యే ఎంజైములు ప్రపంచమంతటా కొరత పడ్డాయి. రోగులకు మోతాదు తగ్గించవలసిన గతి పట్టింది. ఒక ప్రాణాధారమైన మందుకు రెండవ ఉత్పత్తిదారు ఉండడం దేశాభిమానపు మాట కాదు, వైద్యపరమైన అవసరం.

ఎదుటి పక్షపు వాదననూ న్యాయంగా విందాం. సదృశ ఔషధాలను తొందరపడి అనుమతిస్తే రోగికి ముప్పు అని మూల కంపెనీలు అంటాయి. ముప్పు లేకపోలేదు. 1998లో ఐరోపాలో, రక్తవృద్ధికి ఇచ్చే ఎరిత్రోపోయెటిన్ ఔషధం ఒకదానిలో నిలవ పదార్థాన్ని మార్చిన తరువాత, కొందరు రోగుల శరీరాలు సొంత రక్తోత్పత్తినే అడ్డుకునే స్థితికి చేరాయి. అయితే ఆ మార్పు చేసింది అనుకరణదారు కాదు, మూల తయారీదారు. కనుక కాపలా అందరికీ కావాలి. ఆ కాపలా కాయవలసింది కంపెనీ న్యాయవాది కాదు, సమర్థమైన ప్రభుత్వ ప్రయోగశాల. 1992లో ఏర్పడిన నోయిడాలోని జాతీయ జీవౌషధ సంస్థ ఉన్నది అందుకే. ప్రోటీనుల నిర్మాణాన్ని అతిసూక్ష్మంగా కొలిచే సాధనాలు నేడు వచ్చాయి గనుక, ఖరీదైన తులనాత్మక రోగి ప్రయోగాలను తగ్గించవచ్చునని అమెరికా నియంత్రణ సంస్థ సైతం 2025 అక్టోబరులో ముసాయిదా వెలువరించింది. మన నియంత్రణ సంస్థ కూడా అదే ఏడాది మే నెలలో తన మార్గదర్శకాల సవరణ ముసాయిదాను ప్రకటించింది. ఆ సవరణ నిజంగా ఫలించాలంటే కొలిచే సాధనాలు, కొలవగలిగిన మనుషులు ప్రభుత్వం వద్ద ఉండాలి. లేనిచో నిబంధన సడలుతుంది గాని, విశ్వాసం కలగదు.

విద్యను ఇచ్చిపుచ్చుకోవడానికి మరొక దారి ఉన్నదని కూడా మనకు అనుభవమే. 2006లో బయోకాన్ విడుదల చేసిన నిమోటుజుమాబ్, క్షీరదకణాలలో తయారైన తలమెడ క్యాన్సర్ల యాంటీబాడీ, క్యూబా ప్రభుత్వ పరిశోధనా కేంద్రంతో కలిసి చేసిన మందు. అమెరికా ఆంక్షల నడుమ నలిగిన చిన్న ద్వీపదేశం కణాన్ని, విద్యను కూడా పంచుకున్నది. అలీనోద్యమపు ఉపన్యాసాలలో వినిపించిన దక్షిణ దేశాల సహకారం ప్రయోగశాలలో ఆచరణకు వచ్చిన సందర్భాలు కొద్ది. ఇది వాటిలో ఒకటి.

ఇప్పుడు మళ్లీ పది వేల కోట్ల దగ్గరకు వద్దాం. ఢిల్లీలో ఈ విషయం మూడు శాఖల మధ్య చీలి ఉన్నది. నైపర్ సంస్థలు, ఔషధాల ధరల నియంత్రణ రసాయనాలు, ఎరువుల శాఖ కింద ఉన్నవి. 2024 ఆగస్టులో మంత్రివర్గం ఆమోదించిన ‘బయో ఇ-3’ విధానం బయోటెక్నాలజీ విభాగానిది. అనుమతులు, అరుదైన వ్యాధుల చికిత్స ఆరోగ్య శాఖవి. మందు తయారు చేయించేవారికి కొనేవారితో నిమిత్తం లేదు. కొనేవారికి తయారీతో పని లేదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఒక రోగికి ఇచ్చే సహాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల దాకా పెంచారు. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి., నిమ్స్ కలిసి ఆ విధానం కింద ఒక ప్రత్యేక కేంద్రంగా గుర్తింపు పొందాయి. కాని ఎంజైము మోతాదు శరీరపు బరువును బట్టి ఉంటుంది. బిడ్డ ఎదిగినకొద్దీ వ్యయం పెరుగుతుంది. 50 లక్షల గీత మాత్రం కదలదు. చికిత్స పనిచేసి బిడ్డ బరువు పెరగడమే గీతను త్వరగా దాటించే కారణమవుతుందన్న మాట. ఇంతకన్న క్రూరమైన లెక్క మరొకటి ఉండబోదు.

ఈ నేపథ్యంలో ‘శక్తి’ పథకం నుంచి కోరదగినవి మూడు. ఒకటి, ప్రజాధనంతో పెంచిన, ఏ దేశీయ సంస్థ అయినా సరసమైన నిబంధనలపై వాడుకోగలిగిన కణనిధి. బయోటెక్నాలజీ విభాగం కింద పుణేలో జాతీయ కణ సంస్థ ఉన్నది. పునాది లేని పని కాదు. రెండు, పోషక ద్రవాలు, రెసిన్లు, సంచుల దేశీయ తయారీకి కర్మాగారాలతో సమానంగా ప్రోత్సాహం. మూడు, ముందస్తు కొనుగోలు హామీ. అరుదైన వ్యాధికి రోగులు కొద్దిమంది. సంత చాలదు గనుక ఏ ప్రైవేటు సంస్థా తనంతట తాను ఆ ఎంజైముల జోలికి పోదు. ఇన్ని సంవత్సరాలు ఇంత మందు ఈ ధరకు కొంటామని ప్రభుత్వం మాట ఇస్తే లెక్క మారుతుంది. విడివిడిగా రోగులకు 50 లక్షలు పంచి ఆ ధనం విదేశీ సరఫరాదారు ఖాతాకు చేర్చడం కన్న ఇది మేలు.

ఈ మూడూ లేకుండా కేవలం భవనాలకు, ఉక్కు తొట్లకు రాయితీలు ఇస్తే ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. మన కర్మాగారాలు అమెరికా, ఐరోపా సంతలకు సదృశ ఔషధాలు ఎగుమతి చేస్తాయి, డాలర్లు వస్తాయి, ఆర్థిక మంత్రి ప్రసంగంలో ఆ అంకె ఘనంగా వినిపిస్తుంది. అందులో తప్పు లేదు. కాని ఎగుమతుల అంకె ఒక్కటే విజయానికి కొలమానమైతే, న్యాయస్థానం మెట్లెక్కిన రిక్షా కార్మికుని బిడ్డ వంటివారికి ఆ విజయంలో వాటా లేదు.

1970లో మన పార్లమెంటు ఒక చట్టంతో మాత్రల ధరలను సామాన్యుని అందుబాటులోకి తేగలిగింది, ఎందుకంటే ఆనాటి తాళం చట్టంలోనే ఉన్నది. నేటి తాళాలు గడ్డకట్టించిన కణంలో, దిగుమతి అయ్యే సంచిలో, పరీక్షించే ప్రయోగశాలలో వేరువేరుగా ఉన్నవి. వాటి తాళంచెవులను సంపాదించడానికి పది వేల కోట్లు మంచి ఆరంభం కాగలదు. పార్లమెంటు సభ్యులు, ముఖ్యంగా ఔషధ పరిశ్రమకు నెలవైన మన తెలుగు రాష్ట్రాల సభ్యులు, పథకం నిబంధనలు ఖరారు కాకముందే మూడు శాఖల మంత్రులనూ ఈ ప్రశ్న అడగాలి. ఎన్ని కర్మాగారాలు వస్తాయని కాదు. ఏ మందు, ఎవరికి, ఏ ధరకు అందుతుందని.